బంద్ చేసిన అంటే నమ్మని మనిషి

మా పక్కింటి పెద్దాయన పోయారని ఫోనొచ్చినప్పుడు నేను వెంటనే నమ్మలేదు. ఇందులో నా తప్పేమీ లేదు. దేన్నీ వెంటనే నమ్మకూడదని ఏళ్ల తరబడి గోడ అవతలి నుంచి నాకు నూరిపోసింది ఆయనే. "ఎవరు చెప్పిండ్రు? కండ్లతోని చూసిండ్రా?" అని ఆయన గొంతుతోనే అడగబోయాను. కానీ ఫోన్ చేసింది ఆయన కోడలు. నోరు మూసుకుని చెప్పులేసుకున్నాను.

వెళ్లి చూస్తే నిజమే. వసారాలో అద్దాల ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. పెట్టె గుర్రుమంటూ నడుస్తోంది. దాని తీగ నేలమీద అడ్డంగా పాకింది, ఒకచోట నల్ల టేపు చుట్టి ఉంది. అందరికీ ఏడుపొస్తున్న ఆ చోట నాకు అనుమానమొచ్చింది. ఆ టేపు కింద ఏముంది? పెట్టెకు ఎర్తింగ్ ఉందా? తెచ్చినవాడు చూశాడా, చూశానన్నాడా? పెద్దాయనకు ఒక్క నిమిషం సెలవు దొరికి ఉంటే లేచొచ్చి, ఆ టేపు విప్పి, పెట్టెవాణ్ని చెమటలు పట్టేదాకా ప్రశ్నించి, సంతృప్తి లేకుండానే మళ్లీ వెళ్లి పడుకుని ఉండేవారు.

నాగర్‌కర్నూలులో మా వీధి పిల్లలు ఆయన్ని 'బంద్ తాత' అనేవాళ్లు. ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి మా వీధిలో పావుగంట నిలబడితే చాలు. ఎవరింట్లోనైనా ఎవరైనా "బంద్ చేసిన" అన్నారా, ఆ మాట నేలమీద పడేలోపు ఆయన అక్కడ ప్రత్యక్షం. నల్లా కావచ్చు, గ్యాసు పొయ్యి కావచ్చు, గేటు కావచ్చు, ఇంజను ఆపిన స్కూటరు కావచ్చు. ఒకసారి మా ఆవిడ మిద్దెమీది ట్యాంకు నిండగానే, "మోటరు బంద్ చేసిన" అని నాకు వినిపించేట్టు కేకేసింది. నాకు వినిపించలేదు గానీ ఆయనకు వినిపించింది. గోడమీద తల లేచింది.

"నువ్వు చేసిన అంటే అయితదా అమ్మా?"

"స్విచ్చు నేనే ఒత్తిన పెద్దాయనా!"

"ఒత్తినవ్. అది ఒత్తించుకున్నదా?"

మా ఆవిడ వెళ్లి స్విచ్చు వంక మళ్లీ ఒకసారి చూసొచ్చింది. ఆయన మాత్రం గోడ చుట్టూ తిరిగి మా ఇంట్లోకొచ్చి, మోటరు మీద మోచేతి వెనకభాగం ఆనించి, జ్వరమొచ్చిన పిల్లవాణ్ని చూసినట్టు చూసి, అప్పుడు "ఆఁ, బందయింది" అని ప్రకటించి వెళ్లారు. ఆ ప్రకటన లేనంతవరకూ మా మోటరు చట్టరీత్యా నడుస్తున్నట్టే లెక్క.

మనిషి తాటిచెట్టంత పొడుగు. ఈ మాట కాస్త ఎక్కువే అనుకోండి, ఈతచెట్టంత అందాం. పట్టపగలు చొక్కాజేబులో టార్చిలైటు ఉండేది. దాని పక్కన, మనమంతా కలం పెట్టుకునే చోట, టెస్టరు. పెళ్లిళ్లకు కూడా అలాగే వచ్చేవారు. అక్షింతలు వేసే వరసలో నిలబడి, దండలు వేలాడదీసిన సీరియల్ బల్బుల తీగను టెస్టరుతో పొడిచి, అది ఎర్రగా వెలగలేదని రూఢి చేసుకున్నాకే వధూవరులను ఆశీర్వదించేవారు. దవాఖానలో బీపీ చూడబోయిన నర్సమ్మను, "ముందుగాల్ల దాన్ని బంద్ చేసి చూపియ్యి, తర్వాత కట్టు" అన్నారట. ఆమె తన బీపీ చూసుకుందని వినికిడి.

ఆయనది తిమ్మాజిపేట దగ్గర మెట్టపొలం. బోర్లు వేయించి, ఎండిపోతే ఇంకో చోట వేయించి, మోటర్లు దింపి, కాలిపోతే మళ్లీ పైకి లాగి, జీవితమంతా భూమి కడుపులో గొట్టాలు పెట్టి చూసిన మనిషి. అందుచేత ఆయన దృష్టిలో ప్రపంచంలో ఉన్న యంత్రమంతా బోరు మోటరే. ఫ్యాను అంటే తలకిందులుగా వేలాడే బోరు మోటరు. ఫ్రిజ్జు అంటే చలిజ్వరమొచ్చిన బోరు మోటరు. వాటికి వచ్చే రోగాలు కూడా అవే: నీళ్లు లేకుండా ఉత్తగా నడపడం, ఇసుక పట్టడం, దొంగలు పడటం. చివరిది ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన రోగం. పొలాల్లో మోటర్లు విప్పి లోపలి రాగితీగ గుంజుకుపోయే దొంగల్ని ఆయన కళ్లారా చూసిన మనిషి. అందువల్ల రిపేరు షాపుకు పోయిన ఏ వస్తువైనా రాగితో వెళ్లి రేకుతో తిరిగొస్తుందని స్థిరాభిప్రాయం. ఒకసారి కొత్తకోటలో మోటరుకు వైండింగు చేయిస్తూ మెకానిక్కు ఎదురుగా తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా రెప్పవేయకుండా కూర్చున్నారట. మూత్రానికి వెళ్లేటప్పుడు కూడా మోటరును వెంట తీసుకెళ్లారంటారు గానీ అది నేను నమ్మను. దాన్ని మోయాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఆయన రెండో మనిషిని నమ్మేవారు కాదు.

ఇలాంటి ఇంటికి రాజోలి నుంచి కోడలొచ్చింది. తుంగభద్ర పక్కన పెరిగిన పిల్ల. ఆయనకు ఆమె మీద ఉన్న మొట్టమొదటి అనుమానం అదే. "నది ఒడ్డు పిల్ల సారూ. వంగి ముంచుకుంటే నీళ్లొస్తయి ఆళ్లకు. మోటరు గుణం ఏం తెలుస్తది?" అని నాతో అనేవారు. కొడుకు బెంగళూరు దారిలో లారీ తోలుతూ నెలలో ఎక్కువ రోజులు బయటే. ఇంట్లో మిగిలింది అనుమానించే మామ, అనుమానం మోసే కోడలు.

ఆ పిల్ల ఊరికే కూర్చోలేదు. ఫోన్లో చూసి కేకులు చేయడం నేర్చుకుంది. చిన్న ఓవెను కొంది, చేత్తో పట్టుకుని గిలకొట్టే మిక్సీ ఒకటి కొంది. ఆమె దాన్ని బీటర్ అనేది, ఆయన 'చేతి మోటరు' అనేవారు. వీధిలో పుట్టినరోజులకు ఒక్కొక్కటి చేసిస్తుంటే పేరొస్తోంది. పెద్దాయనకు ఆ కేకుల మీదా అనుమానమే. ముక్కు దగ్గర పెట్టుకుని, "గుడ్లు కొట్టిపోసిండ్రు, వాసన వస్తలేదు. ఏడికి పోయింది వాసన?" అని అడిగేవారు. పరారీలో ఉన్న ఆ వాసనను పట్టుకునేందుకు మొత్తం కేకు తినేవారు.

నేను చెప్పబోయేది ఎండాకాలంలో ఒక ఆదివారం సంగతి. ఆ పిల్లకు మొదటిసారి పెద్ద ఆర్డరొచ్చింది. పట్టణంలో ఎవరింట్లోనో ఓణీల ఫంక్షను. వనపర్తి నుంచి, గద్వాల నుంచి చుట్టాలొస్తున్నారు. అంతస్తుల కేకు కావాలి, దీపాలు పెట్టే వేళకు ఆటో వస్తుంది. "ఇది మంచిగయితే నా చేతికి పనున్నట్టు వదినా. కాకపోతే ఓవెను అమ్మేస్త, ఇంగ ఈ పని పేరే ఎత్తను" అని ముందురోజే మా ఆవిడతో చెప్పింది. రొట్టెలాంటి కేకులు కాల్చి ఆరబెట్టింది. పైన పూసే క్రీము గిలకొట్టడమే మిగిలింది. ఆమె ఫ్రిజ్జులో చోటు చాలక ఆ క్రీము డబ్బాలు మా ఫ్రిజ్జులో పెట్టింది.

మధ్యాహ్నం భోంచేసి నేను ఫ్యాను కింద వాలానో లేదో, పక్కింట్లోంచి 'గుర్ర్' మని ఒక మూలుగు, ఆ వెంటనే నిశ్శబ్దం, ఆ వెంటనే "అయ్యో!" వినిపించాయి. మూడూ వేర్వేరు గొంతులు: మొదటిది బీటరుది, రెండోది విధిది, మూడోది కోడలిది.

నాలుగోది రావడానికి ఆలస్యం కాలేదు. "ఉత్తగ నడిపినవ్!"

"లే మామా! గిన్నెలో ముంచినాకనే ఒత్తిన."

"ముంచినవ్. అందిందా?"

"ఏంది అందేది?"

"నీళ్లందక మోటరు నడిస్తే గంతే. బోరైనా గంతే, గిన్నైనా గంతే."

"నీళ్లు కాదు మామా, క్రీము! సరే, బజార్ల రిపేరు షాపుకు పంపిస్త. సాయంత్రానికి కావాలె నాకు."

"పంపు. పోయేటప్పుడు రాగి పోతది, వచ్చేటప్పుడు రేకొస్తది. ఇంట్లనే ఇప్పుదాం. ఓ సారూ! జర ఇటు రా! సాక్షి గావాలె."

వెళ్లాను. ఆయన వసారాలో, నలుగురికీ కనబడేట్టు, వంటింటి కిటికీ కింద దుప్పటి పరిచారు. దానిమీద తెల్లటి బీటరు పోస్టుమార్టానికి వచ్చిన పావురంలా పడుంది. నన్ను దానికి ఎదురుగా కూర్చోబెట్టారు. సాక్షినని మురిసిపోయాను గానీ, "చేతులు జర కనవడేటట్టు పెట్టు సారూ" అనేసరికి నా హోదా ఏమిటో తేలిపోయింది. అరచేయంత మోటరులో పోచంత రాగి ఉంటుంది. దానికోసం నేను పుట్టి పెరిగి, ఉద్యోగం సంపాదించి, పక్కిల్లు అద్దెకు తీసుకుని మాటువేశానని ఆయన ఉద్దేశం కావచ్చు.

"బంద్ చేసినవా?" అన్నారు కోడలితో.

"బీటరు నీ చేతులనే ఉంది మామా. ప్లగ్గు నీ వొళ్లోనే ఉంది."

ఆయన ప్లగ్గు వంక చూశారు. ఒళ్లో ఉన్న ప్లగ్గు కూడా ఎంతవరకు నిజం చెబుతుందో ఆయనకు నమ్మకం కుదరలేదు. లేచి రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న మీటర్ల బోర్డు దగ్గరికి వెళ్లి ఫ్యూజులు పీకి చొక్కాజేబులో వేసుకున్నారు. మాదీ, వాళ్లదీ. మా ఇంట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది. "ఏమయ్యా, కరెంటు పోయిందా?"

"పోలేదు! పెద్దాయన జేబులో ఉంది!" అన్నాను.

కోడలి ముఖం మాత్రం పాలిపోయింది. "మామా, అన్నవాళ్ల ఫ్రిజ్జులో నా క్రీముంది! ఈ ఎండకు నీళ్లయితది. నీళ్లయితే ఇంగ గిలకొట్టినా నిలవడదు. ఆళ్లదెందుకు పీకినవ్? ఆళ్ల లైను వేరే గదా!"

ఆయన స్క్రూ విప్పుతూ తల ఎత్తలేదు. "వేరే లైనే," అన్నారు. "మా తమ్ముడు సచ్చింది గా వేరే లైనుతోనే."

స్క్రూలు ఒక్కొక్కటే దుప్పటి మీద పేరుస్తూ, ఎవరికో వార్త చదివి వినిపిస్తున్నట్టు చెప్పారు. పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్‌లో ఫ్యూజు పోయింది. లైన్‌మన్ రావడం ఆలస్యమైతే పంట ఎండుతుందని తమ్ముడే ఎక్కాడు. కింద స్విచ్చు దగ్గర ఊరివాడొకడున్నాడు. "బంద్ చేసినవా?" అని పైనుంచి తమ్ముడు అడిగాడు. "బంద్ చేసిన" అని కిందివాడు చెప్పాడు.

"అబద్ధమాడిండా వాడు?" అన్నాను నేను. నా గొంతులో నుంచి హాస్యమంతా ఎక్కడికో పోయింది.

"లే సారూ. మంచోడే. నిజంగనే బంద్ చేసిండు." ఆఖరి స్క్రూ బయటికొచ్చింది. "పక్క లైను చేసిండు."

కోడలికి ఈ సంగతి తెలియదనుకుంటాను. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత మా ఇంట్లోకెళ్లి, క్రీము డబ్బాలను తడిగుడ్డలో చుట్టి, మట్టికుండ పక్కన నీడలో పెట్టి వచ్చింది. అంతకన్నా ఆ ఎండను ఎదిరించడానికి ఆమె దగ్గర ఏ ఆయుధమూ లేదు. వీధిలో ఇంకో బీటరు ఎవరింట్లోనూ లేదు.

బీటరు రెండు చెక్కలుగా విడిపోయింది. ముందు ఆయన మోటరు వాసన చూశారు. ముక్కును దానిమీద అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ నడిపి, "కాలలే" అని తీర్పు చెప్పారు. ఉత్తగా నడిపిందన్న నేరం కోడలిమీద నిలవలేదు. ఆయనకు కొంచెం నిరాశ కలిగినట్టే అనిపించింది. తర్వాత ముందువైపున గిలకొట్టే కడ్డీలను తిప్పే పళ్ల చక్రాలు చూశారు. పళ్ల సందుల్లో తెల్లగా, గట్టిగా, ముద్దలు ముద్దలుగా ఏదో పేరుకుపోయి ఉంది.

"ఇసుక!" అన్నారు. జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తారన్న కబురు చెబుతున్నట్టు వీధంతా వినబడేలా. "ఇసుక వడ్డది సారూ! ఇసుక పడితే బోరెట్ల తిరుగుతది?" వెంటనే కళ్లు చిన్నవయ్యాయి. "మిద్దె ఇంట్ల ఇసుక ఎవరు పోసిండ్రు?"

ఆ చూపు ముందు నామీద ఆగింది. నా చేతులు నాకు తెలియకుండానే పైకి లేచాయి. నామీద నుంచి గోడ దాటి మా ఇంటివైపు వెళ్లింది, అక్కడి నుంచి వీధి చివరి దాకా పోయి, ఇసుకతో సంబంధం ఉన్న మనుషులందరినీ ఒకసారి లాగి తిరిగొచ్చింది. ఆయన ఒక ముద్దను గోటితో గీకి నాలుకమీద వేసుకున్నారు. పరిశోధన స్తంభించింది.

"తియ్యగున్నది," అన్నారు.

"చక్కెర పొడి మామా," అంది కోడలు. "పని అయినంక కడిగి, కడ్డీలు తియ్యకుండ నిలబెట్టి పెడ్తుంటి. పైనుంచి జారి లోపలికి పోయి గడ్డకట్టినట్టుంది. నా తప్పే."

ఆయన ఇంకొంచెం గీకి మళ్లీ రుచిచూశారు. మొదటి సాక్ష్యం మీద ఆధారపడే మనిషి కాదు. "చక్కెరే," అని ఒప్పుకున్నారు. "ఇసుక లెక్కనే పట్టింది."

తడిగుడ్డ, అగ్గిపుల్ల, పాత పళ్ల బ్రష్షు పట్టుకుని ఆయన ఆ చక్రాలను తోమిన తీరు చూస్తే పెళ్లికి నగలు తోముతున్నారనుకుంటారు ఎవరైనా. ఒక్కో పంటినీ తోమి, వెలుతురుకు పెట్టి చూసి, నాకూ చూపించి, నేను బాగుందన్నాక నన్ను నమ్మక మళ్లీ తోమారు. ఎండ వసారా మెట్టు దాటి లోపలికి జరిగింది. కోడలు మాటిమాటికీ కుండ దగ్గరికెళ్లి డబ్బాలను తాకి వచ్చి, ఆ చేతిని చీరకు తుడుచుకుంది.

చివరికి చెక్కలు కలిపి స్క్రూలు బిగించారు. జేబులోంచి ఫ్యూజులు బయటికొచ్చి బోర్డెక్కాయి. మా ఇంట్లో ఫ్యాను తిరిగిన చప్పుడుకు మా ఆవిడ దండం పెట్టుకుంది. కోడలు క్రీమును మళ్లీ ఫ్రిజ్జులోకి తోసి పరుగెత్తుకొచ్చింది. బీటరు తీగ పొట్టిది. దాని ప్లగ్గును కిటికీ ఊచల్లోంచి లోపలికందిస్తే ఆమె వంటింట్లోంచి అందుకుని బోర్డులో పెట్టింది. ఆ బోర్డు కిటికీకి లోపలి పక్కన ఉంటుంది, కింద కూర్చున్న మనిషికి కనబడదు.

స్విచ్చు వేసింది. బీటరు జుయ్యిమని తిరిగింది. నేను చప్పట్లు కొట్టబోయాను. అంతలో కర్రుమని మళ్లీ బిగుసుకుంది.

"ఇంగో పంటిల ఉన్నది," అన్నారాయన. "ఇంత ముక్క. ఏలు వెట్టి తియ్యాలె." స్క్రూలు మళ్లీ విప్పారు. చెక్క తెరిచారు. తీగ మాత్రం కిటికీలోంచి లోపలికి అలాగే ఉంది.

ఆయన చెయ్యి అలవాటుగా నేలకు ఆనింది, లేచి మీటర్ల దగ్గరికి పోవడానికి. ఆయన పీకితే రెండిళ్ల ఫ్యూజులూ పీకుతారు, మా ఫ్రిజ్జు ఆగుతుంది. ఒకసారి నీడలో వేడెక్కి వచ్చిన క్రీము ఇంకోసారి తట్టుకోదు. ఈ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, కిటికీ అవతల నిలబడ్డ ఆ పిల్లకైతే మాకిద్దరికన్నా బాగా తెలుసు. వీధిలో ఎక్కడో ఆటో హారను వినబడింది. మనది కాదు, కానీ మనది కూడా అలాగే వస్తుంది.

"మామా," అంది కిటికీలోంచి. గొంతు మెల్లగా ఉంది. "బంద్ చేసిన."

 ఆయన తల ఎత్తి కిటికీ వైపు చూశారు. ఊచల వెనక ఆమె ముఖం తప్ప ఏమీ కనబడదు. ఆ ముఖాన్ని ఆయన చాలాసేపు, టెస్టరు పెట్టి చూసినట్టు చూశారు. ఆమె ప్లగ్గు పీకానని చెప్పలేదు, ఒట్టు వేయలేదు, వచ్చి చూడమని పిలవలేదు.

నేలకు ఆనిన చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యే బీటరు లోపలికి వెళ్లింది. వేళ్లు చక్రాల మధ్య దూరాయి.

 ఏళ్ల తరబడి ఆయన నాలో నాటిన అనుమానమంతా ఒక్కసారిగా మొలకెత్తింది. "జర మంచినీళ్లు తాగొస్త," అని గొణిగి, లేచి, ఎవరూ పట్టించుకోకుండా నడుస్తున్నట్టు నటిస్తూ, గుమ్మం దాటగానే పరుగందుకున్నాను. వంటింట్లో బోర్డు చూశాను. స్విచ్చు ఆపేసి ఉంది. ప్లగ్గు బయటికి పీకి, గట్టుమీద పక్కకు పడుకోబెట్టి ఉంది. అది చాలక కోడలు దానిమీద చెయ్యి మూసి నిలబడి ఉంది. నన్ను చూసి ఒక గ్లాసు నీళ్లు అందించింది. దాహం లేకపోయినా మొత్తం తాగాను.

నేను వసారాలోకి వచ్చేసరికి ముక్క బయటపడింది, చెక్కలు కలిశాయి, స్క్రూలు బిగిశాయి. ఆయన బీటరును ఊచల్లోంచి నిలువుగా లోపలికి అందించి, "ఇంగ నువ్వే ఒత్తు బిడ్డా" అన్నారు. లోపల జుయ్యిమన్నది మొదలై, ఆగకుండా సాగింది. కాసేపటికి ఆ జుయ్యిమనడం బరువెక్కింది. అంతలో ఆ పిల్ల గిన్నెను తలకిందులుగా పట్టుకుని వసారాలోకి పరుగెత్తుకొచ్చింది. గిన్నెలోంచి ఒక్క చుక్క జారలేదు.

"నిలవడ్డది మామా! సూడు, నిలవడ్డది!"

ఆయన గిన్నె వైపు చూడలేదు. దుప్పటి దులుపుతూ నావైపు చూశారు.

"సారూ, నీళ్లు తాగనీకి పోయినవా, ప్లగ్గు చూడనీకి పోయినవా?"

నా చేతులు వాటంతటవే మళ్లీ కనబడేట్టు ముందుకొచ్చాయి.

"గంత అనుమానం పనికిరాదు సారూ," అన్నారు, నిజంగా నొచ్చుకుని. "పిల్ల చెప్పింది గదా."